రెండు బిందెల నీళ్ళు, ఐదు పూటల నమాజు

పోయిన నెల ఒక సాయంత్రం మా వీధి చివర టీకొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. మొదటి షిఫ్టు దిగి వచ్చిన పిల్లలు నలుగురైదుగురు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. అంతలో మసీదులో అసర్ అజాన్ మొదలైంది. నేను గ్లాసు కింద పెట్టి బయలుదేరబోతుంటే వాళ్ళలో ఒక కుర్రాడు అడిగాడు.

"మామా, కోపం చేసుకోవద్దు. తెలియకే అడుగుతున్నా. రోజుకి ఐదుసార్లు పిలవకపోతే మీ దేవుడికి వినపడదా?"

మిగతావాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. టీ కాచే అక్క మాత్రం "పెద్దవాళ్ళతో ఏం మాటలురా అవి" అని వాణ్ణి కసిరింది. "ఉండనీ అక్కా, వచ్చాక చెప్తాలే" అని నేను వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి వాడు లేడు.

వాడి మాటలో వెటకారం లేదు. మన కాలనీల్లో చాలామందికి ఈ అనుమానం ఉంటుంది, అడగరు. పక్కపక్క ఇళ్ళల్లో ముప్ఫై ఏళ్ళు ఉంటాం. రంజానుకి మా ఇంటినుంచి సేమ్యా పాయసం వెళ్తుంది, సంక్రాంతికి మీ ఇంటినుంచి అరిసెలు వస్తాయి. కానీ "మీరు ఆ చాప పరుచుకుని ఏం చేస్తారు, ఏమని చదువుతారు, ఎందుకు చేస్తారు" అని అడగడానికి మొహమాటం. అడిగితే ఏమనుకుంటారో అని. అందుకే ఈ నెల ఈ నాలుగు పేజీలూ ఆ కుర్రాడి ప్రశ్నకే. ఇంకో కారణం కూడా ఉంది. వాడికి నేనొక బాకీ ఉన్నాను. ఆ సంగతి దాని చోట వచ్చినప్పుడు చెప్తాను.

పిలుపు ఎవరికి?

ముందు వాడి ప్రశ్నకి నేరుగా జవాబు. అజాన్ దేవుణ్ణి పిలవడం కాదు, మనిషిని పిలవడం. అరబీలో ఉంటుంది కాబట్టి దేవుడితో ఏదో మొరపెట్టుకుంటున్నారు అనిపిస్తుంది. అందులో ఉన్న సంగతి ఇంతే. దేవుడు అన్నిటికన్నా గొప్పవాడు. ఆయన తప్ప ఆరాధించదగినవాడు లేడు. ముహమ్మద్ (స) ఆయన పంపిన ప్రవక్త. నమాజుకి రండి, మేలు పొందడానికి రండి అని పిలుపు. తెల్లవారుజాము అజాన్‌లో మాత్రం ఒక మాట ఎక్కువ ఉంటుంది, నిద్రకన్నా నమాజు మంచిదని. రాత్రి షిఫ్టు చేసి వచ్చి అప్పుడే నడుం వాల్చినవాడికి ఆ ఒక్క మాట ఎంత బరువో నాకు బాగా తెలుసు.

ఈ పిలుపు మొదట ఇచ్చిన మనిషి గురించి మన పిల్లలకి తెలియాలి. ఆయన పేరు బిలాల్. ఇప్పుడు ఇథియోపియా అంటున్న అబిసీనియా మూలాలున్న నల్లని మనిషి. మక్కాలో ఒకరింట్లో బానిస. ఒక్కడే దేవుడని నమ్మినందుకు యజమాని ఆయన్ని మండుటెండలో ఇసుక మీద పడుకోబెట్టి గుండెల మీద బండ పెట్టించాడు. అబూబకర్ ఆయన్ని కొని విడిపించారు. మదీనాలో మసీదు కట్టాక, జనాన్ని నమాజుకి పిలిచే పని ఎవరికివ్వాలి అన్నప్పుడు ప్రవక్త (స) పెద్దింటి వాళ్ళని చూడలేదు. బిలాల్‌ని నిలబెట్టారు. నిన్నటిదాకా ఎవడు పిలిస్తే వాడి దగ్గరికి పరిగెత్తాల్సిన బానిస, ఇప్పుడు పిలుస్తుంటే ఊరి పెద్దలంతా పని ఆపి వచ్చారు. కూలి చేసుకుని బతికే మనకి ఈ ముక్క ఊరికే అర్థమవుతుంది.

ఏం చేస్తాం, ఏమని చదువుతాం

నమాజు వేళలు గడియారాన్ని బట్టి కాదు, పొద్దుని బట్టి. తూర్పు తెల్లబడ్డప్పటినుంచి పొద్దు పొడిచేలోపు ఫజర్. పొద్దు నడినెత్తి దాటాక జొహర్. నీడలు బాగా సాగాక అసర్. పొద్దుగుంకగానే మగ్రిబ్. పడమటి ఎరుపంతా పోయి చీకటి పడ్డాక ఇషా. అజాన్ వినపడ్డ నిమిషానికే చేసి తీరాలని లేదు. ఒక్కో నమాజుకీ ఒక గడువు ఉంటుంది. ఆ గడువులో ఎప్పుడైనా చేసుకోవచ్చు. మగ్రిబ్‌కి గడువు తక్కువ, ఇషాకి ఎక్కువ. షిఫ్టుల్లో పని చేసేవాడు ఎలా చేస్తాడు అని అడిగేవాళ్ళకి ఇదే జవాబు.

ముందు వుజూ. చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, ముక్కు శుభ్రం చేసుకుని, ముఖం కడుక్కుని, మోచేతులదాకా చేతులు కడుక్కుని, తడి చేత్తో తల తుడుచుకుని, చీలమండలదాకా కాళ్ళు కడుక్కోవాలి. గ్రీజు చేతులతో, దుమ్ము ముఖంతో మిషను దగ్గరినుంచి వచ్చినవాడికి సగం అలసట అక్కడే పోతుంది.

తర్వాత దిక్కు. మన ఎన్నూరులో సముద్రం తూర్పున ఉంది కాబట్టి నమాజుకి నిలబడితే సముద్రానికి వీపు పెట్టినట్టే. పడమర, కొంచెం ఉత్తరం వైపు ఒదిగి నిలబడతాం. అది పొద్దుగుంకే దిక్కుకి మొక్కడం కాదు. మక్కాలోని కాబా మనకి అటుంది, అంతే. లండన్‌లో ఉన్నవాడు ఆగ్నేయానికి తిరుగుతాడు. దక్షిణాఫ్రికాలో ఉన్నవాడు ఉత్తరం వైపు తిరుగుతాడు. ఎక్కడివాళ్ళు అక్కడినుంచి అందరూ ఒకే చోటు వైపు తిరగడమే దాని అర్థం. కాబా దేవుడు కాదు. దానికి మేం పూజ చేయం.

నిలబడడం, వంగడం, నుదురు నేలకి ఆనించడం, కూర్చోవడం. ఇదంతా కలిపి ఒక రకాతు. ఐదు పూటల్లో తప్పకుండా చేయవలసినవి వరసగా రెండు, నాలుగు, నాలుగు, మూడు, నాలుగు. మొత్తం 17. ఒక్కో రకాతులో రెండుసార్లు నుదురు నేలకి ఆనుతుంది. దాన్ని సజ్దా అంటాం. అంటే రోజుకి 34 సార్లు. మనిషి దేవుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది సజ్దాలోనే అని ప్రవక్త (స) చెప్పారు. ఇంకొకటి కూడా ఉంది. ఆ ఒక్కడి ముందు ఇన్నిసార్లు వంగినవాడు ఇంకెవరి ముందూ ఆ వంగుడు వంగకూడదు. మేనేజరు ముందు కూడా. మర్యాద వేరు, సజ్దా వేరు.

ప్రతి రకాతులోనూ చదివేది ఖుర్ఆన్‌లో మొదటి సూరా, ఫాతిహా. ఏడే ఏడు చిన్న వాక్యాలు. లోకాలన్నిటినీ పోషించేవాడివి, దయగలవాడివి, తీర్పు రోజు నీ చేతిలో ఉంది అని మొదట చెప్పుకుంటాం. నిన్నే ఆరాధిస్తాం, నిన్నే సాయం అడుగుతాం అంటాం. మమ్మల్ని సరైన దారిలో నడిపించు అని అడుగుతాం. చూడండి, ఒంటరిగా గదిలో నిలబడి చేసినా "నన్ను నడిపించు" అని ఉండదు. "మమ్మల్ని" అనే ఉంటుంది. జీతం పెంచమని, పిల్లకి సంబంధం కుదర్చమని అందులో లేదు. అవి అడుక్కోవచ్చు, నమాజు తర్వాత చేతులు చాచి మన తెలుగులోనే అడుక్కుంటాం. దాన్ని దువా అంటాం. నమాజు మాత్రం అర్జీ పెట్టుకునే కౌంటరు కాదు.

మసీదులో వరసల్లో నిలబడతాం. భుజానికి భుజం ఆనించి. ముందొచ్చినవాడు ముందు వరసలో, ఆలస్యమైనవాడు వెనక. గేటు దగ్గర కాంట్రాక్టు కూలి ముందు వరసలో ఉండి, కాంట్రాక్టరు వెనక వరసలో ఉండి, కూలి మడమల దగ్గర కాంట్రాక్టరు నుదురు ఆనడం నేను కళ్ళారా చూశాను. బయటికొచ్చాక మళ్ళీ ఎవడి చెప్పులు వాడివే అనుకోండి. అయినా అది చూసినవాడు మర్చిపోడు.

మిల్లు కూత, మసీదు పిలుపు

సరే, అంతా బాగుంది, రోజుకొకసారి చేస్తే చాలదా? ఐదుసార్లు ఎందుకు?

మా వాళ్ళు నెల్లూరు జిల్లా పల్లెల్లో దూదేకులవాళ్ళు. నూర్‌బాషాలని కూడా అంటారు. విల్లులాంటి సాధనంతో దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టి బతికేవాళ్ళు. ఇంట్లో మాట తెలుగే, అప్పుడూ ఇప్పుడూ. ఊళ్ళో ఆ పనికి గిరాకీ తగ్గాక మా నాయన మద్రాసు వచ్చి పెరంబూరు మిల్లులో చేరాడు. ఊళ్ళో విల్లుతో ఏకిన దూదినే ఇక్కడ మిషన్ల మధ్య చూశాడు. ఈ పత్రిక చదివే ఇళ్ళల్లో చాలామంది తాతలు, నాయనలు ఆ గేట్లోంచి వెళ్ళివచ్చినవాళ్ళే. 1996లో ఆ మిల్లు మూతబడ్డాక ఎవరి దారి వాళ్ళు వెతుక్కున్నాం.

నేను చిన్నప్పుడు నాయన్ని ఇదే ప్రశ్న అడిగాను, ఇన్నిసార్లు ఎందుకని. ఆయన చదువుకోలేదు. ఇలా అన్నాడు. "మిల్లు కూతకి పరిగెత్తకపోతే సగం రోజు కూలి పోతుంది. అందుకని ఎవడూ మర్చిపోడు. అజాన్‌కి లేవకపోతే ఏం పోతుందో చెప్పేవాడుండడు. అందుకని అందరం మర్చిపోతాం. మర్చిపోయే సంగతిని ఒక్కసారి చెప్తే చాలదురా."

తర్వాత తెలుగు ఖుర్ఆన్ చదివితే ఆయన మాట అందులోనే కనపడింది. దేవుడు మూసా ప్రవక్తతో, నన్ను తలుచుకోవడం కోసం నమాజు నిలబెట్టు అని చెప్పినట్టు ఉంది. అంటే నమాజు దేవుడికి మనల్ని గుర్తు చేయడానికి కాదు, మనకి ఆయన్ని గుర్తు చేయడానికి. మరుపు మనది. పొద్దున్న గుర్తున్నది మధ్యాహ్నానికి ఉండదు. మధ్యాహ్నం సూపర్‌వైజరు తిట్టిన తిట్టుకి సాయంత్రం పెళ్ళాం మీద అరుస్తాం. మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగి నిలబడితే, తిట్టు అక్కడే ఆగిపోయే వీలుంది. ప్రవక్త (స) ఒకసారి తన దగ్గరున్నవాళ్ళని అడిగారట, మీ గుమ్మం ముందే ఏరు పారుతూ, రోజుకి ఐదుసార్లు అందులో స్నానం చేస్తే ఒంటి మీద మురికి మిగులుతుందా అని. మిగలదన్నారు వాళ్ళు. ఐదు పూటల నమాజు అలాంటిదే అన్నారాయన. మన కొసస్తలై ఏటి నీళ్ళు ఇప్పుడు ఒంటికి తగిలితే మురికి పోవడం మాట అటుంచి కొత్తది అంటుకుంటుంది. అయినా మా నాయనల కాలంలో అందులో ఈత కొట్టినవాళ్ళకి ఆ పోలిక తెలుస్తుంది.

పని మానుకోమని నమాజు చెప్పదు. శుక్రవారం జుమా నమాజు గురించి ఖుర్ఆన్‌లో ఉన్నది ఏమిటంటే, పిలుపు వినగానే బేరసారాలు ఆపి రండి, నమాజు అయిపోగానే మళ్ళీ చెదిరిపోయి దేవుడిచ్చే బతుకుతెరువు వెతుక్కోండి అని. శుక్రవారం మాకు పని చేయకూడని రోజు కాదు. కాసేపు ఆగాలి, మళ్ళీ పనికి పోవాలి.

ఆగడానికి కాస్త వ్యవధి కావాలనేది కూలివాడి పాత గొడవే. పెరంబూరు మిల్లు కార్మికులతో 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. మన దేశంలో పద్ధతిగా ఏర్పడ్డ తొలి కార్మిక సంఘాల్లో అదొకటి. బి.పి. వాడియా దానికి అధ్యక్షుడు. దానికి వేరు ఎక్కడుందంటే, పెరంబూరులో కార్మికులు సాయంత్రాలు కూడి దేవుడి మాటలు వినే ఒక భక్త సభలో ఉంది. సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనే ఇద్దరు ఆ సభ నడిపేవారు. దేవుడి పేరు మీద కూడినవాళ్ళు మెల్లగా తమ కష్టాలు చెప్పుకున్నారు. మధ్యాహ్నం తిండికిచ్చే వ్యవధి చాలదన్నది వాళ్ళ తొలి ఫిర్యాదుల్లో ఒకటి. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి, 1948 ఫ్యాక్టరీల చట్టంలో, ఐదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలి అని రాశారు. మా నాయన జొహర్ నమాజు ఆ విరామంలోనే. అన్నం పది నిమిషాలు, నమాజు పది నిమిషాలు. మిగతా పది నిమిషాలు బీడీ కాల్చే స్నేహితుడి పక్కన కూర్చోవడం. ఆ స్నేహితుడు మెడలో తులసిమాల ఉన్న మనిషి. నాయన నమాజు చేస్తున్నంతసేపూ చెప్పులు, అన్నం క్యారేజీ చూసుకునేవాడు ఆయనే.

నమాజు మనిషికి చోటిస్తుంది

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి చెప్పాలి. మా ఇళ్ళల్లో పిల్లలకి కూడా సరిగ్గా తెలియదు. నమాజు అంటే సడలింపు లేని నియమం అనుకుంటారు. కాదు. రోగం వస్తే కూర్చుని చేయొచ్చు. కూర్చోలేకపోతే పడుకుని, తలతో సైగ చేసి చేయొచ్చు. ప్రయాణంలో ఉంటే నాలుగు రకాతులవి రెండే చేస్తారు. ఆడవాళ్ళకి నెలసరి రోజుల్లో నమాజు లేదు, తర్వాత తిరిగి చేయనక్కరా లేదు. నిద్రలోనో మరుపులోనో తప్పిపోతే గుర్తొచ్చినప్పుడు చేసుకోవచ్చు. నేల శుభ్రంగా ఉంటే చాలు, మసీదే కానక్కర్లేదు.

ప్రవక్త (స) కాలంలో ముఆజ్ అనే ఆయన తన పేటలో ఇషా నమాజు చేయించేవారు. ఒక రాత్రి చాలా పెద్ద సూరా ఎత్తుకున్నారు. వెనక నిలబడ్డవాళ్ళలో ఒకడు పగలంతా ఒంటెలతో నీళ్ళు తోడి చేనుకి పెట్టి వచ్చిన కూలి మనిషి. నిలబడలేక వరసలోంచి తప్పుకుని, తన నమాజు తాను చేసుకుని వెళ్ళిపోయాడు. ముఆజ్ వాణ్ణి కపటి అన్నారు. ఆ మనిషి నేరుగా ప్రవక్త దగ్గరికి వెళ్ళి, మేం చేతులతో కష్టం చేసుకునేవాళ్ళం అని చెప్పుకున్నాడు. ప్రవక్త (స) కోప్పడింది కూలివాడి మీద కాదు, ముఆజ్ మీద. జనాన్ని ఇబ్బంది పెడతావా, వెనక ముసలివాళ్ళు, బలహీనులు, పనులున్నవాళ్ళు ఉంటారు, చిన్న సూరాలు చదువు అన్నారు. ఆయన తానే నమాజు చేయిస్తుండగా వెనక ఆడవాళ్ళ వరసలో పసిపిల్లాడి ఏడుపు వినపడితే, ఆ తల్లి మనసు కొట్టుకుంటుందని నమాజు త్వరగా ముగించేవారట.

నీళ్ళ సంగతీ అంతే. వుజూకి ప్రవక్త వాడింది లీటరు కూడా కాని నీళ్ళు. అసలు నీళ్ళే దొరకకపోతే, లేదా ఉన్న కాసిని తాగడానికే కావలసి వస్తే, శుభ్రమైన మట్టి మీద అరచేతులు ఆనించి ముఖం, చేతులు తుడుచుకుంటే చాలు. దాన్ని తయమ్ముమ్ అంటారు.

ఇదంతా నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసీ నేను చేసింది ఇప్పుడు చెప్తాను.

ఆ రోజు

2019 జూన్. మద్రాసులో ఉన్నవాళ్ళెవరూ ఆ నెల మర్చిపోరు. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం, నాలుగు చెరువులూ ఎండిపోయాయి. తర్వాతి నెల జోలార్‌పేటనుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు. మన ఎన్నూరులో బోరు వేస్తే ఉప్పునీళ్ళు. లారీ ఎప్పుడొస్తుందో తెలియదు. వస్తే బిందెల వరస వీధి చివరిదాకా. మా ఇంట్లో పెద్ద డ్రమ్ము ఉండేది. ముందు రోజు లారీకి మా ఇద్దరబ్బాయిలు నిలబడి దాన్ని నింపారు.

మగ్రిబ్ ముందు పక్కింటి చెల్లెలు వచ్చింది. తోడబుట్టింది కాదు, అయినా ఇరవై ఏళ్ళుగా నన్ను అన్నా అనే పిలుస్తుంది. చేతిలో ఖాళీ బిందె. వెనక పిల్లాడి చేతిలో ఇంకోటి. వాడప్పుడు ఆరో క్లాసో ఏడో క్లాసో. "అన్నా, రెండు బిందెలివ్వు. రేపు లారీ వస్తే తిరిగి పోస్తా" అంది.

నేను ఏమన్నానంటే, "లేదమ్మా, ఇంట్లో ఐదుగురం నమాజు చేసేవాళ్ళం. ఐదు పూటలా వుజూకి కావాలి. దేవుడి పని కదా." ఆమె ఇంకో మాట అనలేదు. దేవుడి పని అన్నాక ఏమంటుంది? పిల్లాడు ఖాళీ బిందె తిప్పుకుంటూ వెనకే వెళ్ళాడు.

లోపల మా అమ్మ కుర్చీలో ఉంది. అప్పటికి ఎనభై దాటాయి. కుర్చీలోనే నమాజు. "ఎవర్రా వచ్చింది?" అంది. చెప్పాను. ఏమీ అనలేదు. కాసేపాగి, మెట్టు మీద తులసికోటలా పెంచుకునే మల్లెకుండీలోంచి కాస్త పొడిమట్టి తెమ్మంది. నేను చెంబుతో నీళ్ళు తెస్తే తోసేసింది. మట్టి తెచ్చి పళ్ళెంలో పోశాను. అరచేతులు దాని మీద ఆనించి, దులుపుకుని, ముఖం తుడుచుకుంది, చేతులు తుడుచుకుంది. అప్పుడు అంది. "నా నమాజుకి నీళ్ళు అక్కర్లేకపోయాయిరా. ఇప్పుడు ఆ డ్రమ్ములో నీళ్ళు ఎవరివో చెప్పు."

ఆ రోజు మగ్రిబ్‌కి నేను నిలబడ్డాను. ఏం చదివానో గుర్తులేదు. అయ్యాక రెండు బిందెలు నింపి తీసుకెళ్ళాను. తలుపు తీసి ఆమె "ఇప్పుడొద్దులే అన్నా, వెనక వీధిలో దొరికాయి" అంది. కోపంగా కాదు, మామూలుగానే. బిందెలు గుమ్మం దగ్గర పెట్టి వచ్చాను. పొద్దున్న చూస్తే అవి మా మెట్టు మీద ఉన్నాయి, నీళ్ళతో సహా.

ఖుర్ఆన్‌లో 107వ సూరా ఒకటుంది, పేరు మాఊన్. అది కూడా ఏడు వాక్యాలే. మా పిల్లలందరికీ నోటికొచ్చు, చిన్నది కాబట్టి నమాజులో ఎక్కువగా అదే చదువుతారు. నేను కొన్ని వేలసార్లు చదివి ఉంటాను, అరబీలో. దాని అర్థం తెలుగులో నింపాదిగా చదివింది మాత్రం ఆ రాత్రే. అందులో ఉన్నది ఇది. తీర్పు రోజుని నమ్మనివాడెవడంటే, అనాథని నెట్టేసేవాడు, పేదవాడికి అన్నం పెట్టమని చెప్పనివాడు. ఆ తర్వాత శాపం లాంటి మాట నమాజు చేసేవాళ్ళకే. తమ నమాజు ఏమిటో పట్టనివాళ్ళకి, నలుగురు చూడాలని చేసేవాళ్ళకి, చిన్న చిన్న అవసరాలకి కూడా చెయ్యి రానివాళ్ళకి. మాఊన్ అంటే ఆ చిన్న అవసరమే. ఇరుగుపొరుగు అడిగి తీసుకునే గిన్నె, ఉప్పు, నిప్పు, నీళ్ళు అని పండితులు వివరం రాశారు. నీళ్ళు అనే మాట దగ్గర నేను ఆగిపోయాను.

ఖుర్ఆన్‌ని తెలుగులోకి తెచ్చిన తొలివాళ్ళలో ఒకరు చిలుకూరి నారాయణరావు గారు, హిందూ పండితుడు. ఇప్పుడు ఇంకా చాలా తెలుగు అనువాదాలు దొరుకుతున్నాయి. మా వాళ్ళకి ఒక మాట. అరబీలో చదవండి, చదవాలి. కానీ చదివేదానికి అర్థం అమ్మభాషలో తెలుసుకోండి. తెలియకపోతే నాలాగే, నమాజునే అడ్డం పెట్టుకుని నమాజు చెప్పిందానికి ఎదురు చేస్తారు.

కుర్రాడికి

బిందె పట్టుకుని వెనకే వెళ్ళిన ఆ పిల్లాడే మొన్న టీకొట్టు దగ్గర నన్ను అడిగినవాడు. ఆ రోజు వాడికి గుర్తుందో లేదో నాకు తెలియదు. గుర్తుండే అడిగాడేమో కూడా తెలియదు. నాకు మాత్రం గుర్తుంది. అందుకే టీకొట్టు దగ్గర చటుక్కున జవాబు నోటికి రాలేదు.

అందుకని ఇక్కడ చెప్తున్నా నాయనా. దేవుడికి ఒక్కసారికే వినపడుతుంది. ఐదుసార్లు అవసరమైంది నాకు. వినపడనిది నాకు. నీళ్ళు అడిగితే మీ అమ్మ మాట వినపడలేదు చూడు, అలా.

నమాజు మనిషిని చెడ్డపనులనుంచి ఆపుతుందని ఖుర్ఆన్ చెప్తుంది. మరి ఐదు పూటలా నమాజు చేసి తూకంలో మోసం చేసేవాడో, వడ్డీకి నెత్తురు పీల్చేవాడో నీకు కనపడితే, నమాజు అబద్ధమని అనుకోకు. వాడు నమాజులో నిలబడ్డాడు గానీ నమాజు వాడిలో నిలబడలేదు అనుకో. నన్నూ అలాగే కొలువు. నేను మసీదుకి ఎన్నిసార్లు వెళ్తున్నానో లెక్కపెట్టకు. తిరిగి వచ్చాక గుమ్మం దగ్గర ఎవరితో ఎలా ఉన్నానో చూడు. అదే నా నమాజుకి పరీక్ష. చేయనివాళ్ళని తక్కువ చేసి మాట్లాడే హక్కు కూడా ఆ పరీక్షలో నాకు రాలేదు.

అమ్మ పోయాక ఆ కుర్చీ అలాగే ఉంది. డ్రమ్మూ ఉంది. మా ఇంట్లో ఇప్పుడొక కట్టుబాటు పెట్టుకున్నాం. లారీ వచ్చిన రోజు డ్రమ్ము నింపాక మొదటి రెండు బిందెలు అడిగినా అడగకపోయినా వీధిలో ఎవరికి లేవో వాళ్ళ గుమ్మానికి వెళ్తాయి. ఆ తర్వాతే వుజూ. మీ అమ్మ ఇప్పుడు తీసుకుంటోంది. తీసుకున్న రోజు నాకు ఫజర్ తేలిగ్గా ఉంటుంది.

ఇంకేదైనా అడగాలనుంటే అడుగు. ఈసారి టీ చల్లారినా సరే, కూర్చుని చెప్తాను.